తప్పిపోయిన క్రావడి

నేను కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో దిగిన ఏడాది బస్సు ఎక్కితే చాలు, వెనక సీట్లోంచి తెలుగు వినపడేది. కాలేజీలు పిలిచి మరీ సీట్లిచ్చాయి గానీ తల దాచుకోవడానికి గది ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. ఊరంతా తిరిగాక హెస్పెలర్ రోడ్డుకు అవతల ఒక పాత ఇంటి బేస్‌మెంట్‌లో నాకూ, ఒక గుంటూరు అమ్మాయికీ కలిపి ఒక గది దొరికింది. గోడకవతల ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్. చలికాలమంతా అది దగ్గు పట్టిన ముసలాయనలా మాకు కాపలా కాసేది.

ఇంటివాళ్లు కోనసీమ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ క్రైస్తవులు. ఆంటీ ఒక వృద్ధాశ్రమంలో పీఎస్‌డబ్ల్యూ. అంటే పెద్దవాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం. చాలా ఏళ్లు రాత్రి షిఫ్టులే చేశారట. అంకుల్ చాలాకాలం కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేశారు. నేను చేరేసరికి ఆయనకు పక్షవాతం వచ్చి కొన్ని నెలలైంది. కుడిచెయ్యి లేవదు. కర్ర పట్టుకుని నడక కుదురుకుంది గానీ మాట తిరిగి రాలేదు. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది. ఆయన చెప్పాలనుకున్నది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. "ఆ... ఆ..." అని, కళ్లు గట్టిగా మూసుకుని, ఇక వదిలేస్తారు.

ఆయన వదిలేసిన చోట ఆంటీ అందుకునేవారు. "ఆయనకి టీ వద్దంటమ్మా", "ఆయనకి చలేస్తోందంట" అని. డాక్టరు అడిగినా, చర్చిలో పలకరించినా జవాబు ఆంటీదే. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఎవరో ఒకరు చెప్పాలి కదా. కానీ ఆంటీ చెబుతున్నంతసేపూ అంకుల్ గోడవైపు చూస్తూ కూర్చోవడం నాకు కష్టంగా ఉండేది.

మాట నేర్పించే థెరపిస్టు ఒకావిడ వారానికోసారి వచ్చేది. పాటలు పాడించమని ఆవిడ చెప్పింది. మాట రానివాళ్లకు కూడా, బాగా నలిగిన పాటలో ఒక్కోసారి మాట దొర్లుతుందట. ఆంటీ సంబరంగా పాటల పుస్తకం తీశారు. ఒకటి కాదు, ఎన్నో పాడారు. అంకుల్ పెదవి విప్పలేదు. ఆయన గొంతులో ఇంకేదో రాగం తిరుగుతోంది. దాన్నే సన్నగా కూనిరాగం తీస్తున్నారు. అది ఆయన సొంత పాట.

ఆయన పాటలు రాసేవారని నాకప్పుడే తెలిసింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి స్నానం చేసి, కంప్యూటరు ముందు కూర్చుని, తెలుగులో టైపు చేసుకునేవారట. చర్చిలో కొన్ని పాడారు. చాలావాటిని ఎవరూ పాడలేదు. ఆంటీకి ఆ పాట పల్లవి వచ్చు, చరణాలు రావు. పల్లవి అయిపోయి ఆంటీ తడబడగానే అంకుల్ కుర్చీ చేతిమీద ఎడమచేత్తో కొట్టేవారు. కొట్టీ కొట్టీ చివరికి ఏడ్చేవారు.

"నేనెందుకు గుర్తెట్టుకోవాలి, ఆయనకి వచ్చు కదా అనుకున్నానమ్మా," అన్నారు ఆంటీ ఒకరోజు నాతో. ఆ మాట విన్నాక ఇక నేను పైకీ కిందికీ తిరుగుతూ ఏమీ పట్టనట్టు ఉండలేకపోయాను.

పైగా ఆవిడ నమ్మకం ఒకటి. "నువ్వు కంప్యూటర్సే కదా చదువుతున్నావు!" కంప్యూటరు చదివే ప్రతివాళ్లకూ ప్రింటరు బాగుచేయడం పుట్టుకతో వస్తుందని మనవాళ్ల నమ్మకం. డాక్టరు చదివేవాణ్ణి పళ్లు పీకమన్నట్టు.

అంకుల్ కంప్యూటరు ఫర్నేస్ గదిలోనే, పాత సూట్‌కేసుల కింద ఉంది. దాని వెనక వేలెడు ప్లాస్టిక్ ముక్క ఒకటి గుచ్చి ఉంది. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు అమ్మిన తాళం అది. మన దగ్గర డీటీపీ సెంటర్ల వాళ్లు లాక్ అనేవాళ్లు. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. అంకుల్ దాన్ని రాజమండ్రిలో కొని, చేతిసంచిలో పెట్టుకుని విమానంలో తెచ్చుకున్నారట. కంప్యూటరు మాత్రం ఎంత బుజ్జగించినా లేవలేదు. లోపలి డిస్క్ ఊడదీసి కాలేజీ ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. దేవుడి దయ, పాటల ఫైళ్లన్నీ ఉన్నాయి.

తెరిచి చూస్తే తెలుగు లేదు. నెత్తిన కొమ్ములున్న ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు. ఆ కాలంలో కంప్యూటర్లలో తెలుగు అక్షరానికి సొంత చోటు ఉండేది కాదు. అందుకని ఇలాంటి కంపెనీలు ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు వేషం కట్టేవి. ఏ అక్షరానికి ఏ వేషమో ఆ కంపెనీకే తెలుసు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంటే పాట, లేకపోతే పిచ్చిగీతలు. మా ల్యాప్‌టాప్‌లకు ఆ తాళం పెట్టే రంధ్రమే లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని చిలక పలుకు వచ్చింది.

నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తర్వాత నాకే జాలేసింది. తెరమీద తెలుగు చూపించేవాళ్లే లేని రోజుల్లో చూపించింది వాళ్లే. తాళం లేకుండా అమ్మితే ఒకడు కొని ఊరంతా పంచేవాడు, మన సంగతి మనకు తెలీదా. వాళ్లకూ పిల్లల ఫీజులుంటాయి. పాపం ఏ కారణానో దుకాణం మూసేశారు. కాకపోతే మూసేటప్పుడు తలుపు తెరిచి పెట్టి వెళ్లలేదు, లోపల మా అంకుల్ పాటలు ఉండిపోయాయి.

ఆంటీవాళ్ల అబ్బాయి వాంకూవర్‌లో ఉంటాడు. అతనూ సాఫ్ట్‌వేరే. అతని కంపెనీ ప్రోగ్రాములు అమ్ముతుంది. ఆంటీ ఫోన్ స్పీకర్‌లో పెట్టి సంగతంతా చెప్పారు. "మామ్, ఎంతైనా ఐ విల్ పే. కానీ దే డోంట్ ఎగ్జిస్ట్," అన్నాడు. ఎవరైనా ఫ్రీగా రాసిపెట్టిన ప్రోగ్రాము దొరుకుతుందేమో వెతుకుతానని నేనన్నాను. "ష్యూర్. బట్ అది బ్రేక్ అయితే హూ డూ యూ కాల్?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

వెతికితే దొరికింది. పాత వేషాల తెలుగును ఇప్పటి తెలుగులోకి మార్చే చిన్న ప్రోగ్రాము. లోపల ఏముందో అంతా బయటికే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఒకే ఒక్క మనిషి చూసుకుంటున్నట్టుంది. అంకుల్ పాటను అందులో వేశాను. పిచ్చిగీతలు కాస్తా తెలుగైపోయాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

చదివితే నవ్వొచ్చింది. "మంచ్రు తోవలో న్రా పక్కన నడిచిన్ర పభువా" అని ఉంది. అక్కడక్కడా ర వత్తులు కంచంలో రాళ్లలా పడి ఉన్నాయి. సరే, పాత చెత్త ఏదో అంటుకుని వచ్చిందనుకుని వాటిని ఏరిపారేశాను. "పభువా" తప్పని ఎవరికైనా తెలుస్తుంది, అక్కడ ప్రభువా అని దిద్దాను. "పేమ"ను ప్రేమ చేశాను. పల్లవీ, మొదటి చరణమూ బాగుచేసేసరికి వేర్‌హౌస్‌లో నా పార్ట్‌టైమ్ షిఫ్ట్‌కు టైమైంది. మిగతాది తర్వాత చూద్దామనుకున్నాను. కాగితం మీద ప్రింటు తీసి ఆంటీకిచ్చాను. "మంచు తోవలో నా పక్కన నడిచిన ప్రభువా." ఎంత చక్కగా ఉంది!

సాయంత్రం ఆంటీ పాడటం మొదలుపెట్టారు. అంకుల్ కళ్లు వెలిగాయి. ఆంటీ "మంచు తోవలో" అన్నారో లేదో, కుర్చీ చేతిమీద దెబ్బ పడింది. మళ్లీ పాడారు. మళ్లీ దెబ్బ. మూడోసారి ఆయన కాగితం లాక్కుని కిందికి విసిరేసి ముఖం తిప్పుకున్నారు.

"చూశావామ్మా, ఆయనకిష్టం లేదు," అన్నారు ఆంటీ, కళ్లనీళ్లతో.

నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి తెస్తే విసిరికొడతారా అని. కిందపడ్డ కాగితం తీసి చదివాను. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. మా కరీంనగర్ వైపు తొవ్వ అంటాం, తోవ అన్నా అదే. పక్కన అంటే పక్కన. ఇంకెలా రాస్తారు?

కాగితం ఆంటీ చేతిలో పెట్టి, "అంకుల్ అసలెట్ల పాడేటోళ్లాంటీ?" అని అడిగాను. ఆవిడ కళ్లు తుడుచుకుని ఒకసారి చదివి, నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

"త్రోవ! త్రోవ కదమ్మా. మనం నోటితో తోవ అంటాం గానీ ఈయన చచ్చినా అలా రాయరు. ఇదీ అంతే, ప్రక్కన. నేనూ చూసుకోకుండా ఉన్నదున్నట్టు పాడేశాను."

అప్పుడు వెలిగింది. నేను చెత్త అనుకుని ఏరిపారేసిన ఆ ర వత్తులే క్రావడులు. క్రావడి అక్షరానికి ఎడమనుంచి చుట్టుకుని వస్తుంది కదా, అందుకని ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ముందు కొట్టి, అక్షరం తర్వాత కొట్టేవాళ్లు. ఈ ప్రోగ్రాముకు ఆ మర్యాద తెలీదు. క్రావడి కనపడగానే దాన్ని అంతకుముందు పోయిన అక్షరానికి తగిలించేస్తోంది. అలా "మంచు"కు ఒకటి, "నా"కు ఒకటి తగులుకున్నాయి. త్రోవ తోవయింది, ప్రక్కన పక్కనయింది. పభువా అంటే తప్పని తెలుస్తుంది గానీ, తోవా పక్కనా మనం రోజూ అనే మాటలే. తప్పు తప్పులా కనపడకపోతే ఎవరు పట్టుకుంటారు, రాసినవాడు తప్ప.

మిగతా పాటలన్నీ ఇలా కంటితో దిద్దడం అయ్యే పని కాదు. ఎక్కడ ఏ క్రావడి జారిందో అంకుల్ చెప్పలేరు, నేను కనిపెట్టలేను. ప్రోగ్రామునే బాగుచేయాలి. దాన్ని చూసుకునే మనిషికి ఈమెయిల్లో ఉత్తరం రాశాను. కొంచెం ఘాటుగానే రాశాను: మీ ప్రోగ్రాము తప్పులు చేస్తోంది, ఇదిగో రుజువు, వెంటనే సరిచేయండి.

జవాబు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది, చక్కటి తెలుగులో. "పాట బాగుంది. మీరు చెప్పింది నిజమే, ఈ ఒక్క వెర్షన్‌లో క్రావడి ముందు వస్తుందని నాకు తెలీదు. ఎక్కడ మార్చాలో చూపిస్తాను. మీరే సరిచేసి పంపుతారా? నేను చూసి కలుపుతాను."

మా రూమ్మేట్ పడీపడీ నవ్వింది. "ఏందే ఇదీ! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కస్టమర్‌నే పనిలో పెట్టుకున్నట్టుంది. డబ్బులేమన్నా ఇస్తారంటనా?"

"ఇయ్యరు," అన్నాను.

"మరెందుకే నీకు? వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి వచ్చి, అసైన్‌మెంట్లు వదిలేసి, ఎవరో ముక్కూ మొహం తెలీని వాళ్లకు వెట్టి చాకిరీ!"

నేను ఒప్పుకున్న కారణాల్లో అంకుల్ ఒక్కరే లేరు. రెజ్యూమెలో రాసుకోవడానికి ఏదో ఒకటి కావాలి, అదీ ఒక కారణం. చదువులో భాగంగా చేసే కోఆప్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో మా బ్యాచ్ మొత్తం అవే క్లాసు ప్రాజెక్టులు చెప్పి వచ్చేవాళ్లం, వినేవాళ్లకే ఆవులింతలొచ్చేవి. ఇంకో కారణం ఉక్రోషం. నేను తెచ్చిన కాగితం విసిరికొట్టించుకున్నానే అని. మంచి పనులన్నీ మంచి మనసుతోనే మొదలవుతాయని ఎవరైనా అంటే నేను నమ్మను.

పని మొదలుపెట్టాక చూస్తే, ఒక క్రావడిని ఒక అక్షరం దాటించడం అంత సులువు కాదు. స్త్ర లాంటి చోట్ల కింద ఇంకో వత్తు ఉంటుంది, అది దాన్ని దాటనివ్వదు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట "శాస్త్రం" "శాస్తం"గా మారి కూర్చునేది. నేను పంపించడం, ఆవిడ తిప్పి పంపడం. ఆ మనిషి ఆడమనిషని, కాల్గరీలో ఉంటుందని అప్పటికి తెలిసింది. "ఇక్కడ ఇంకొంచెం విడమర్చి రాయమ్మా, రేపు నేను లేకపోయినా ఎవరో ఒకరు చదివితే అర్థం కావాల" అని రాసేది. నేను పళ్లు నూరుకుంటూ విడమర్చి రాసేదాన్ని. ఉచితంగా చేసే పనికి ఇన్ని వంకలా అనుకునేదాన్ని. మా వేర్‌హౌస్ సూపర్‌వైజర్ జీతమిచ్చి కూడా ఇంత పట్టుపట్టేవాడు కాదు.

ఒకసారి ఫోన్లోనే మాట్లాడుకుంటే తేలిపోతుందని తను నంబరిచ్చింది. అనంతపురం మనిషి. ఆయిల్ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. మేడమ్ అంటే ఒప్పుకోలేదు, అక్కా అనమంది. పని మాట్లాడుకోవడం అయ్యాక, ఇక ఉండబట్టలేక అడిగాను. "అక్కా, తప్పుగా అనుకోకు. ఇదంతా చేస్తే నీకేమొస్తది?"

ఆవిడ నవ్వింది. "మొదట కోపంతో చేసినా. నా థీసిస్ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండె. నేను రాసింది, నా కంప్యూటర్లో ఉంది, నాకే తెరుచుకోదంట. కడుపు రగిలిపోయింది. పట్టుబట్టి ఒక్కో అక్షరం వేషం కనిపెట్టినా."

"థీసిస్ దొరికినాక ఆపేయొచ్చు కదా?"

"ఆపేద్దామనే అనుకుంటి. ఇంతలో ఎవరో వాళ్ల ఊరి భజన పాటలు పంపించిరి, ఇంకెవరో వాళ్ల తాతది నాటకం పంపిరి. ఒక్కో అక్షరం దొరుకుతాంటే సరదా పుట్టె. ఇప్పుడు సరదా కూడా తక్కువేలే. తిట్లు కూడా వస్తాంటాయి." ఇక్కడ నేను నా మొదటి ఉత్తరం గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాను. "మధ్యలో వదిలేస్తే బాగుండదని చేస్తాండా. ఆఫీసులో నేను రాసేది ఎవరు వాడతారో, ఎందుకు వాడతారో నాకు తెలీదు. దీన్ని వాడేటోళ్లు పాటలు పంపిస్తారు."

మళ్లీ తనే అంది. "అట్లని ఆఫీసును తీసిపారేయకు. ఆ జీతం లేకుంటే ఇది చేసేదానికి నాకు తీరికెక్కడిది?"

నాకు ఆ మాట నచ్చింది. అప్పటివరకూ క్లాసులో ఈ సంగతి మీద రెండు పార్టీలు ఉండేవి. దాచుకుని అమ్మేవాళ్లు దొంగలని ఒక పార్టీ, పంచిపెట్టేవాళ్లు పిచ్చివాళ్లని ఒక పార్టీ. ఈవిడ పగలంతా ఒక పార్టీలోనూ, వంట అయ్యాక ఇంకో పార్టీలోనూ ఉంటోంది. పిచ్చీ లేదు, దొంగతనమూ లేదు.

నేను బేస్‌మెంట్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఆంటీ కంది పప్పు ఏరుతున్నారు. ఫోన్లో ఎవరమ్మా అన్నారు. చెప్పాను.

"ఆవిడెందుకు చేస్తోందమ్మా ఇదంతా?"

"ఊకనే, ఆంటీ."

"ఊరికేనా?" ఆంటీ పప్పు ఏరడం ఆపారు. "ఊరికే ఎవరిస్తారమ్మా? చివర్లో బిల్లు పంపిస్తారేమో, చూసుకో."

నేను చెప్పింది ఒకటి, ఆవిడ విన్నది ఇంకొకటి. ప్రత్యేకించి కారణమేం లేదని నేనన్నాను, డబ్బు తీసుకోవట్లేదని ఆవిడ విన్నారు. మా ప్రొఫెసర్ ఒక క్లాసంతా ఫ్రీ అనే ఇంగ్లిష్ మాటకున్న రెండు అర్థాలు విప్పి చెప్పాడు, ధర లేకపోవడం, స్వేచ్ఛ ఉండటం అని. మన ఊరికే అనే మాటలో స్వేచ్ఛ లేదు. ధర లేదు, కారణమూ లేదు. అందుకే కాబోలు మనవాళ్లు ఊరికే వచ్చినదాన్ని నమ్మరు. కారణం లేకుండా మనిషి చెయ్యి కదపడని గట్టి నమ్మకం. నిజానికి కాల్గరీ అక్కకు కారణాలు బోలెడున్నాయి. ఒక్కటీ బిల్లు వేయడానికి పనికొచ్చేది కాదు, అంతే.

"బిల్లేం రాదు ఆంటీ," అన్నాను. "మన అంకుల్ పాట బాగుందన్నది."

ఆ రాత్రి ఆంటీ మాకు పప్పుచారు, చేపల వేపుడు కిందికి పంపారు.

చివరికి క్రావడి దారికొచ్చింది. అక్క అన్నీ సరిగ్గా ఉన్నాయంది, ఇక ఒక్కటి మిగిలిందంది. ఇలాంటి ప్రోగ్రాముల్లో ఏదైనా సరిచేసినప్పుడు పక్కనే ఒక నమూనా వాక్యం పెట్టాలి. రేపు ఎవరు ఏ మూల ఏది మార్చినా, ముందు ఆ వాక్యం సరిగ్గా వస్తోందా లేదా అని ప్రోగ్రాము తనే సరిచూసుకుంటుంది. రాకపోతే ఆ మార్పును ఒప్పుకోదు. నేను ఆలోచించకుండా "మంచు త్రోవలో నా ప్రక్కన" పెట్టి పంపాను.

అక్క ఆపేసింది. "ఇది మీ అంకుల్ రాసింది కదా. ఇందులో పెడితే ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మళ్లీ వెనక్కి తీసుకోలేం. ఆయన ఒప్పుకున్నారా?"

ఆయనకు మాట రాదని, ఆంటీని అడిగితే సరేనన్నారని రాశాను.

"రాసింది ఆంటీ కాదు కదమ్మా. మాటతోనే చెప్పక్కర్లేదు, తల ఊపినా చాలు. కానీ ఆయనే చెప్పాల."

ముందు విసుగొచ్చింది, ఒక్క వాక్యానికి ఇంత రాద్ధాంతమా అని. తర్వాత ఆ ఉత్తరం మళ్లీ చదివాను. జబ్బు పడ్డప్పటినుంచి ఆసుపత్రివాళ్లు, ఇన్సూరెన్స్‌వాళ్లు, చర్చివాళ్లు, చివరికి నేను, అంకుల్‌కు సంబంధించిన ప్రతిదీ ఆంటీనే అడిగాం. ఆయన్నే అడగాలని పట్టుబట్టిన మనిషి, ఆయన్ని ఎన్నడూ చూడని మనిషి. సిగ్గేసింది.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక ల్యాప్‌టాప్ పట్టుకుని పైకి వెళ్లాను. అంకుల్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఆంటీ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నారు. ఆయన పక్కన నేలమీద కూర్చుని, పాట మొత్తం తెరమీద పెట్టి, సంగతి చెప్పాను. ఈసారి ప్రోగ్రాము దిద్దిన పాట, నేను ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. "అంకుల్, ఇందులో ఒక లైన్ ఆ ప్రోగ్రాముల పెడ్తామంటున్నరు. ఎవరైనా చూస్తరు, ఎవరైనా తీసుకుంటరు. మీరు సరేనంటేనే."

"పెట్టుకోమ్మా, ఆయనకేం అభ్యంతరం..." వంటింట్లోంచి ఆంటీ.

అంకుల్ ఎడమచెయ్యి పైకి లేచింది. అటు తిరక్కుండానే, ఆగమన్నట్టు. ఆంటీ మాట అక్కడే ఆగిపోయింది. నీళ్ల చప్పుడు కూడా ఆగింది.

ఆయన పల్లవి చదువుకున్నారు. త్రోవ దగ్గర వేలితో తెరను ముట్టుకున్నారు. ప్రక్కన దగ్గర మళ్లీ. నేను పల్లవి చూపించి, "ఇదేనా అంకుల్, పెట్టాల్నా?" అన్నాను. అడ్డంగా తల ఊపారు.

నా ప్రాణం ఉసూరుమంది. ఒప్పుకోలేదనుకున్నాను. ఆంటీ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అంకుల్ కీబోర్డు కోసం చెయ్యి చాపారు. కిందికి పోయే బాణం గుర్తు మీద వేలు పెట్టి నొక్కుతూ పోయారు. మొదటి చరణం దాటింది, రెండోది దాటింది. మూడో చరణం దగ్గర ఆపారు. అది చర్చిలో ఎప్పుడూ పాడలేదు, రెండు చరణాలతో సరిపెట్టేవారట. నేనూ అంతదూరం చదవలేదు.

ఆయన పాడారు. గొంతు బొంగురుగా ఉంది, రాగం వణికింది. కానీ మాటలు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, క్రావడులతో సహా.

"నా ప్రక్క నడిచిన ఆమె శ్రమను మరువకు ప్రభువా."

పాడి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, నావైపు చూసి, "ఇది" అన్నారు.

అది పాట కాదు, మాట. ఆంటీ మెల్లగా వచ్చి, కుర్చీ వెనకనుంచి వంగి, ఆ వాక్యాన్ని గొణుక్కుంటూ చదివారు. ఇంకోసారి చదివారు. చెంపల మీద నీళ్లు తుడుచుకోలేదు.

"ఇదెప్పుడు రాశారండీ?" అన్నారు.

ఆయన కళ్లు మూసుకున్నారు. "ఆ... ఆ..." అన్నారు. చాలాసేపు పట్టింది.

"నైట్... షిఫ్ట్."

"ఎవరిది? మీ ఫ్యాక్టరీదా?"

ఆయన తల అడ్డంగా ఊపి, ఎడమచేత్తో ఆవిడ తడిచెయ్యి పట్టుకున్నారు.

"నీది," అన్నారు.